భారీ రోబో గేమ్ మనమే చేద్దాం – 4వ భాగం: రోబోకి బరువు తెప్పించడం

మూడో భాగం దాకా కూడా వచ్చినవాళ్ళ దగ్గర ఈపాటికి ఒక రోబో బొమ్మ రెడీగా ఉండాలి, 48 పిక్సెల్స్ వెడల్పు, 64 పిక్సెల్స్ ఎత్తు, కుడి నొక్కితే కుడికి పోతుంది, బీ నొక్కితే ఎగురుతుంది, వై నొక్కితే కాలుస్తుంది. ఆపి చూస్తే బొమ్మ అదిరిపోతుంది. ఆడితే మాత్రం అట్టపెట్టెలు తొడుక్కున్న పిల్లాడు గంతులేస్తున్నట్టు ఉంటుంది. మనం గేమ్ చేస్తున్న సూపర్ నింటెండో (పాతకాలం గేమ్ కన్సోల్) తెర 256 బై 224 పిక్సెల్స్, అందులో 64 పిక్సెల్స్ అంటే ఎత్తులో పావు కంటే ఎక్కువే, అంత పెద్ద బొమ్మ పెట్టినా బరువు రాలేదంటే సమస్య బొమ్మలో లేదని అర్థం. చాలామంది ఇక్కడే బొమ్మని ఇంకా పెద్దది చేస్తారు, ఇంకో నాలుగు మెటల్ ప్లేట్లు గీస్తారు, షేడింగ్ పెంచుతారు. వద్దు. ఈ భాగంలో బొమ్మ జోలికి దాదాపు పోం, అంకెలు మారుస్తాం అంతే.

ముందుగా రెండో భాగంలో పెట్టుకున్న లెక్క ఒకసారి గుర్తు చేసుకోండి. ఈ కన్సోల్ లో ఉన్న 65816 ప్రాసెసర్ కి దశాంశాలు తెలీవు, అందుకని ఒక పిక్సెల్ ని 256 ముక్కలు అనుకున్నాం, స్పీడ్ 256 అంటే ఫ్రేముకి (తెర ఒకసారి గీసేంత టైం) ఒక పిక్సెల్, 128 అంటే అర పిక్సెల్. సెకనుకి 60 ఫ్రేములు. కింద వచ్చే అంకెలన్నీ ఈ ముక్కల్లోనే చెప్తున్నా. మీరు అసెంబ్లీలో (ప్రాసెసర్ కి నేరుగా ఆదేశాలు రాసే భాష) కాకుండా కంప్యూటర్ మీద ఏదైనా గేమ్ ఇంజిన్ లో చేస్తుంటే అంకెని 256తో భాగించుకుని వాడండి, సెకనుకి 60 ఫ్రేములు లాక్ చేసుకోండి, మిగతాదంతా అదే.

నడక

మామూలు ప్లాట్‌ఫార్మర్ (గెంతుతూ ముందుకెళ్ళే గేమ్) హీరో బటన్ నొక్కిన రెండు మూడు ఫ్రేముల్లో ఫుల్ స్పీడ్ అందుకుంటాడు, వదిలితే అంతే తొందరగా ఆగుతాడు. మన రోబోకి గరిష్ఠ నడక స్పీడ్ 256 పెట్టండి, బటన్ పట్టుకుని ఉన్న ప్రతి ఫ్రేముకీ స్పీడ్ కి 8 కలపండి. అంటే ఫుల్ స్పీడ్ కి రావడానికి 32 ఫ్రేములు, అర సెకను పైనే. బటన్ వదిలితే ఫ్రేముకి 16 తీసేయండి, 16 ఫ్రేముల్లో ఆగుతుంది, ఆ లోపు ఇంకో ఏడున్నర పిక్సెల్స్ ముందుకి జారుతుంది. ఆ ఏడున్నర పిక్సెల్స్ చాలా ముఖ్యం, అంచు దగ్గర ఆగాలంటే ముందే బటన్ వదలాలి అని ఆడేవాడి వేళ్ళకి తెలిసేది దానివల్లే. ఒక చిన్న జాగ్రత్త, స్పీడ్ 16 కంటే తక్కువున్నప్పుడు నేరుగా సున్నా చేసేయండి, లేకపోతే 16 తీసేసరికి మైనస్ లోకి పోయి, మళ్ళీ కలిపి, మళ్ళీ తీసి, రోబో నిలబడ్డచోటే వణుకుతూ ఉంటుంది.

వెనక్కి తిరగడం ఇంకో సంగతి. కుడికి నడుస్తుండగా ఎడమ నొక్కితే బొమ్మని ఆ క్షణమే మొత్తం తిప్పేస్తే బరువంతా అక్కడే పోతుంది. కానీ ఆలస్యం చేస్తే ఆడేవాడికి కోపం వస్తుంది, వెనక నుంచి శత్రువు కాలుస్తున్నాడాయె. దీనికి మందు ఏంటంటే రోబోని నడుము దగ్గర రెండు ముక్కలు చేయడం. పై సగం, అంటే మొండెం, తుపాకీ, ఇవి మొదటి ఫ్రేములోనే ఎడమకి తిరుగుతాయి, బుల్లెట్ కూడా అటే పోతుంది. కింది సగం, కాళ్ళు, ముందు ఫ్రేముకి 16 చొప్పున ఆగి, స్పీడ్ సున్నా అయ్యాక 8 ఫ్రేముల పాటు తిరిగే బొమ్మ చూపించి, అప్పుడు ఎడమకి కదలడం మొదలుపెడతాయి. మన 48 బై 64 రోబోని 16 బై 16 స్ప్రైట్లతో (కన్సోల్ విడిగా కదిలించే చిన్న బొమ్మ ముక్కలు) కట్టుకున్నాం కదా, అడ్డంగా మూడు, నిలువునా నాలుగు, మొత్తం పన్నెండు. పై ఆరు మొండెం, కింది ఆరు కాళ్ళు, విడగొట్టడం చాలా ఈజీ. ఎడమవైపు బొమ్మ విడిగా గీయక్కర్లేదు, ఫ్లిప్ బిట్ (బొమ్మని అద్దంలోలా తిప్పేసే సెట్టింగ్) పెట్టి మూడు నిలువు వరసల క్రమం తారుమారు చేస్తే చాలు.

ఈ భాగం మొత్తానికి అసలు సూత్రం ఇదే. బరువు వేరు, బద్ధకం వేరు. బటన్ నొక్కిన ఫ్రేములోనే తెర మీద ఏదో ఒకటి జరిగి తీరాలి, మొండెం తిరగాలో, మోకాలు వంగాలో, బూస్టర్ (రోబోని తోసే రాకెట్) లో నిప్పు కనబడాలో, శబ్దం రావాలో, ఏదో ఒకటి. ఆ పని పూర్తి అవడానికి మాత్రం టైం పట్టొచ్చు. జవాబు వెంటనే, ఫలితం నెమ్మదిగా. ఈ రెండూ కలిపేసి బటన్ నొక్కాక పది ఫ్రేములు ఏమీ కాకుండా ఊరికే వెయిట్ చేయించే గేములు ఉన్నాయి, అవి బరువుగా ఉండవు, కంట్రోలర్ పాడైందేమో అనిపిస్తాయి.

దీనికి మంచి ఉదాహరణ కావాలంటే 1992 లో సూపర్ ఫామికామ్ (సూపర్ నింటెండోకి జపాన్ లో పేరు) మీద వచ్చిన అసాల్ట్ సూట్స్ వాల్కెన్ చూడండి, ఎన్‌సీఎస్ కంపెనీ వాళ్ళు మసాయా బ్రాండ్ పేరుతో తెచ్చింది, బయటి దేశాల్లో కొనామి దాన్ని సైబర్నేటర్ పేరుతో అమ్మింది (ఆ వెర్షన్ లో మాట్లాడేవాళ్ళ ముఖాలు కనబడే బొమ్మలు తీసేశారు, కథలో ఒక సీన్ కూడా ఎగిరిపోయింది, దొరికితే జపాన్ వెర్షనే చూడండి). అందులో కాళ్ళు నిదానం, తుపాకీ మాత్రం డీ-ప్యాడ్ (దిక్కుల బటన్) పైకీ కిందికీ నొక్కితే చెప్పిన మాట వింటుంది, గురి లాక్ చేసి వెనక్కి నడుస్తూ కూడా కాల్చొచ్చు. దాని అన్న లాంటిది 1990 లో సేగా వాళ్ళ మెగా డ్రైవ్ కన్సోల్ మీద వచ్చిన అసాల్ట్ సూట్ లెయ్నోస్. బరువు విషయంలో మాత్రం నా ఓటు వాల్కెన్ కే.

అడుగులు జారకుండా

నడకలో ఇంకో పెద్ద దొంగ ఉన్నాడు. నడక బొమ్మల్ని టైం ప్రకారం మారిస్తే, అంటే నాలుగు ఫ్రేములకోసారి బొమ్మ మార్చు అని రాస్తే, రోబో నెమ్మదిగా కదులుతున్నప్పుడు కాళ్ళు గబగబా ఆడతాయి, పాదం నేల మీద జారుతుంది, మంచు మీద నడిచినట్టు. అలా కాకుండా దూరం ప్రకారం మార్చండి. మన నడక 8 బొమ్మలు, రెండు అడుగులకి కలిపి 64 పిక్సెల్స్ దూరం అనుకుంటే ప్రతి 8 పిక్సెల్స్ కి ఒక బొమ్మ. రోబో అడ్డంగా ఎన్నో పిక్సెల్ దగ్గరుందో చెప్పే ఎక్స్ విలువని 8తో భాగించి చివరి మూడు బిట్లు తీసుకుంటే అదే బొమ్మ నంబర్, వేరే కౌంటర్ కూడా అక్కర్లేదు. ఎడమకి నడిచేటప్పుడు మాత్రం ఆ నంబర్ ని తిరగెయ్యండి, లేకపోతే మూన్‌వాక్ చేస్తుంది. ఫుల్ స్పీడ్ లో 32 ఫ్రేములకి ఒక అడుగు పడుతుంది, సెకనుకి రెండు కంటే తక్కువ. పాదం నేలని తాకే రెండు బొమ్మలు ఏవో గుర్తు పెట్టుకోండి, ఆ బొమ్మలోకి మారిన ఫ్రేములో మొండెం స్ప్రైట్లని ఒక పిక్సెల్ కిందికి దించండి, నాలుగు ఫ్రేముల తర్వాత మళ్ళీ పైకి. ఒక్క పిక్సెలే. చేసి చూడండి, నమ్మరు మీరు.

ఫ్రేముకి ఒక పిక్సెల్ అంటే తెర ఒక వైపు నుంచి ఇంకో వైపుకి నడవడానికి నాలుగు సెకన్ల పైనే పడుతుంది, ఇది బోర్ కొడుతుంది, నిజమే. అందుకే ఇలాంటి గేముల్లో డాష్, అంటే దూసుకుపోవడం, ఉంటుంది. డాష్ స్పీడ్ 768 పెట్టండి, మూడు రెట్లు, కాళ్ళు కదలవు, మోకాళ్ళు వంచి బూస్టర్ తో నేల మీద జారుతుంది, కాబట్టి అడుగుల గొడవే లేదు, ఒక్క బొమ్మ చాలు. డాష్ ఆగేటప్పుడు కూడా ఫ్రేముకి 16 చొప్పునే తగ్గించండి, 48 ఫ్రేములు జారుతూ వెళ్ళి ఆగుతుంది, ఆ జారుడు మీదే లెవెల్స్ డిజైన్ చేయొచ్చు, అది ఏడో భాగంలో.

గ్రావిటీ, ఇక్కడ కాస్త లెక్క ఉంది, దాటెయ్యకండి

బరువైన వస్తువు అంటే గబుక్కున పడాలి కదా అని అందరూ గ్రావిటీ పెంచుతారు. సరిగ్గా దీనికి ఉల్టా చేయాలి. ఎందుకో లెక్క వేసి చూద్దాం. మన రోబో ఎత్తు కథ ప్రకారం 10 మీటర్లు అనుకోండి, అది తెర మీద 64 పిక్సెల్స్, అంటే మీటరుకి 6.4 పిక్సెల్స్. భూమి మీద పడే వస్తువు స్పీడ్ ప్రతి సెకనుకీ సెకనుకి 9.8 మీటర్లు పెరుగుతుంది, మన తెర మీద అది 62.7 పిక్సెల్స్, సెకనుకి 60 ఫ్రేములు కాబట్టి 60 ని 60తో గుణిస్తే వచ్చే 3600తో భాగించండి, ఫ్రేముకి 0.0174 పిక్సెల్, మన ముక్కల్లో సుమారు నాలుగున్నర. ఇప్పుడు అదే 64 పిక్సెల్స్ బొమ్మ రోబో కాదు, 1.75 మీటర్ల మనిషి అనుకోండి. మీటరుకి 36.6 పిక్సెల్స్, లెక్క మొత్తం మళ్ళీ వేస్తే గ్రావిటీ 25 పైచిలుకు వస్తుంది. బొమ్మ సైజు ఒకటే, పిక్సెల్స్ ఒకటే, గ్రావిటీ అంకె ఒక్కటే ఇది మనిషా పది మీటర్ల యంత్రమా అని చూసేవాడికి చెప్తోంది. తన ఎత్తంత దూరం పడటానికి మనిషికి 0.6 సెకను పడితే రోబోకి 1.4 సెకన్లు పడుతుంది, మన కన్ను ఈ టైం చూసే సైజు అంచనా వేస్తుంది. సినిమాల్లో చిన్న మోడల్ బిల్డింగుల్ని ఎక్కువ ఫ్రేముల స్పీడ్ తో షూట్ చేసి స్లోగా చూపించేది కూడా ఇందుకే, చిన్న బొమ్మ గబుక్కున కూలితే బొమ్మని తెలిసిపోతుంది.

మరి నాలుగున్నర పెట్టేద్దామా అంటే పెట్టి చూడండి, ఒక జంప్ వేసి టీ పెట్టుకుని రావొచ్చు. గేముకి పనికిరాదు. మధ్యలో 12 తీసుకుందాం. జంప్ స్పీడ్ పైకి 576 ఇవ్వండి. ప్రతి ఫ్రేముకీ 12 తగ్గుతూ 48 ఫ్రేములకి పైన ఆగుతుంది, ఎత్తు సుమారు 54 పిక్సెల్స్, కిందికి రావడానికి ఇంకో 48 ఫ్రేములు. మొత్తం 1.6 సెకన్లు గాల్లో. పడే స్పీడ్ కి 1024 దగ్గర కళ్ళెం వేయండి, ఫ్రేముకి నాలుగు పిక్సెల్స్ దాటకూడదు, లేకపోతే ఎత్తు నుంచి పడ్డప్పుడు సన్నటి ప్లాట్‌ఫారాల్లోంచి దూసుకుపోతుంది.

జంప్ నొక్కగానే ఎగరకూడదు, ముందు 5 ఫ్రేములు మోకాళ్ళు వంగాలి. పైన చెప్పిన సూత్రం గుర్తుందిగా, వంగడం మొదటి ఫ్రేములోనే మొదలవ్వాలి. ఇంకోటి, మామూలు గేముల్లో గాల్లో ఉండగా బటన్ వదిలేస్తే పైకి పోయే స్పీడ్ ని సగం చేసేస్తారు, చిన్న జంప్ కోసం. రోబోకి అది చేయకండి, గాల్లో ఎవరో తలమీద కొట్టినట్టు ఆగుతుంది. దానికి బదులు పైకి వెళ్తున్నప్పుడు బటన్ వదిలితే గ్రావిటీ 12 ని 24 చేయండి, జంప్ చిన్నదే అవుతుంది కానీ వంపు మెత్తగా ఉంటుంది.

1.6 సెకన్లు గాల్లో ఏమీ చేయలేకుండా ఉండటం అంటే శత్రువులకి పండగ. అందుకే బూస్టర్. కిందికి వస్తున్నప్పుడు బీ పట్టుకుంటే గ్రావిటీ 12 నుంచి 2 కి దించండి, పడే స్పీడ్ 128 దాటనివ్వకండి, ఇంధనం 60 ఫ్రేములకి సరిపడా ఇవ్వండి, నేల మీద ఉన్నప్పుడు మళ్ళీ నిండుతుంది. స్పీడ్ అప్పటికే 128 దాటి ఉంటే ఒకేసారి 128 కి తేకండి, ఫ్రేముకి 32 చొప్పున తగ్గించుకుంటూ రండి, బూస్టర్ కష్టపడి ఆపుతున్నట్టు ఉంటుంది. నిప్పు స్ప్రైట్ మాత్రం నొక్కిన ఫ్రేములోనే వెలగాలి, మళ్ళీ మళ్ళీ చెప్తున్నా కదా.

నేలకి తగిలినప్పుడు

సగం బరువు ఇక్కడే ఉంది. నేల తాకిన ఫ్రేములో పడే స్పీడ్ ఎంతుందో తీసుకుని 64తో భాగించండి, అన్ని ఫ్రేములు రోబో కదలకూడదు. మామూలు జంప్ 576, తొమ్మిది ఫ్రేములు. పెద్ద ఎత్తు నుంచి 1024 తో పడితే పదహారు. 64తో భాగించడం అంటే బిట్లని కుడికి ఆరు సార్లు షిఫ్ట్ చేయడం, అంతే, నేల తాకేటప్పుడు స్పీడ్ ఎప్పుడూ ప్లస్సే కాబట్టి గుర్తు గొడవ కూడా లేదు. ఇందులో అందం ఏంటంటే బూస్టర్ వాడి 128 తో మెల్లగా దిగితే రెండే ఫ్రేములు, అంటే బూస్టర్ ఎందుకు వాడాలో ఆడేవాడికి మెసేజ్ పెట్టి చెప్పక్కర్లేదు.

ఆ ఆగిన ఫ్రేముల్లో కాల్చడం, గురి మార్చడం మాత్రం ఆపకండి, కాళ్ళే బందీ, చేతులు కాదు. అలాగే చివరి 6 ఫ్రేముల్లో జంప్ నొక్కితే దాన్ని గుర్తు పెట్టుకుని లాక్ అయిపోగానే వాడండి, లేకపోతే "నేను నొక్కాను, ఎగర్లేదు" అని ప్రతివాడూ అంటాడు, వాళ్ళు అన్నది కరెక్టే.

తగిలిన ఫ్రేములోనే మొండెం 3 పిక్సెల్స్ దిగాలి, తర్వాత ఫ్రేముల్లో మెల్లగా 2, 1, 0 అని లేవాలి. పడిన స్పీడ్ 512 దాటితే తెర కూడా ఊగాలి, కింద 2, పైన 2, కింద 1, పైన 1, ఒక్కోటి రెండు ఫ్రేములు. ఇక్కడ కొత్తవాళ్ళు ఒకచోట పడతారు, బ్యాక్‌గ్రౌండ్ స్క్రోల్ రిజిస్టర్ (దాన్ని జరిపే అంకె) మారిస్తే బ్యాక్‌గ్రౌండే ఊగుతుంది, స్ప్రైట్లు కదలవు, రోబో నేలలోకి దిగిపోయి లేచినట్టు ఉంటుంది. ఊపుని కెమెరా విలువకి కలపండి, స్ప్రైట్లు కూడా ఆ కెమెరా నుంచే లెక్కేస్తే రెండూ కలిసి ఊగుతాయి. ప్రతి అడుగుకీ తెర ఊపాలని టెంప్ట్ అవుతారు, వద్దు, రెండు నిమిషాల్లో తలనొప్పి వస్తుంది.

శబ్దం గురించి పెద్దగా చెప్పను, ఎనిమిది ఛానెళ్ళలో ఒకటి అడుగుల కోసం పక్కన పెట్టండి, నేల తాకిన శబ్దం అడుగు శబ్దాన్నే ఇంకా తక్కువ పిచ్ లో వాయిస్తే సరిపోతుంది, కొత్త శాంపిల్ (రికార్డ్ చేసిన శబ్దం) తో ఆడియో మెమరీ 64 కిలోబైట్లలో చోటు తినక్కర్లేదు.

మెషిన్ దెబ్బ

ఇదంతా చేశాక శత్రు రోబోలు కూడా ఇలాగే పెడదాం అంటారు. రెండు గోడలు అడ్డం వస్తాయి. ఒకటి, ఒక్క స్కాన్‌లైన్ (తెర మీద ఒక అడ్డ గీత) మీద స్ప్రైట్ టైల్స్ (8 పిక్సెల్స్ వెడల్పు ముక్కలు) 34 దాటితే మిగతావి కనబడవు. మన రోబో వెడల్పు 48, అంటే లైనుకి 6 టైల్స్. ఒకే నేల మీద ఐదు రోబోలు నిలబడితే 30, ఇంకో నాలుగు టైల్సే మిగిలాయి, బుల్లెట్లకి కూడా అవే. ఆరో రోబో వచ్చిందంటే ఎవరిదో ఒకరి శరీరం మాయం. కాబట్టి ఒక నేల మీద ముగ్గురికి మించి పెట్టకండి, ఎత్తుల్లో తేడా ఉంటే నాలుగోవాడు ఓకే.

రెండోది బొమ్మల మార్పిడి. స్ప్రైట్లకి వీడియో మెమరీలో ఒకేసారి అందేది 16 కిలోబైట్లు, మన రోబో ఒక్క బొమ్మ 1536 బైట్లు, పది బొమ్మలకే దాదాపు నిండిపోతుంది. అందుకే బొమ్మలు కార్ట్రిడ్జ్ లో ఉంచి కావాల్సింది అప్పటికప్పుడు డీఎంఏ తో (ప్రాసెసర్ ఒక్కో బైటూ మోయకుండా నేరుగా కాపీ చేసే పద్ధతి) పంపుతాం, కానీ తెర గీయని ఆ చిన్న గ్యాప్ లో పంపగలిగేది సుమారు 6 కిలోబైట్లే, అందులోనే 544 బైట్ల స్ప్రైట్ టేబుల్ కూడా పోవాలి. నాలుగు రోబోలు ఒకే ఫ్రేములో పూర్తి బొమ్మ మార్చుకుంటే బడ్జెట్ అయిపోయినట్టే. నడుము దగ్గర విడగొట్టింది ఇక్కడ మళ్ళీ కాపాడుతుంది, నడిచేటప్పుడు మారేది కాళ్ళే, 768 బైట్లు. దానికి తోడు సరి ఫ్రేముల్లో హీరోకి, బేసి ఫ్రేముల్లో శత్రువులకి వంతులు వేయండి, ఒక ఫ్రేము లేటు ఎవరికీ కనబడదు. హీరో మొండెం తిరిగేది మాత్రం వంతుల్లో పెట్టకండి, దానికి కొత్త బొమ్మ పంపక్కర్లేదు, ఫ్లిప్పే.

ఈ వారం పని

ముందు గ్రావిటీ 12 తో ఆడి, తర్వాత 25 పెట్టి జంప్ స్పీడ్ 832 చేయండి, ఎత్తు దాదాపు అంతే వస్తుంది, టైం మాత్రం మూడింట రెండొంతులకి పడిపోతుంది. రెండూ రికార్డ్ చేసి గేములు ఆడనివాళ్ళకి చూపించి ఏ రోబో పెద్దది అని అడగండి, మీరేం చెప్పకుండా.

తర్వాత మీ గేముని ఎమ్యులేటర్ (కంప్యూటర్ మీద కన్సోల్ లా నడిచే ప్రోగ్రామ్) లో ఒక్కో ఫ్రేము నడిపిస్తూ చూడండి. ప్రతి బటన్ కీ నొక్కిన తర్వాతి బొమ్మలో ఏదైనా మారిందా లేదా రాసుకోండి, మారనిది దొరికితే అక్కడ ఒక స్పార్కో ఒక పిక్సెల్ వంగడమో పెట్టండి. ఆ తర్వాతే అంకెలు మీ ఇష్టం వచ్చినట్టు తిప్పండి, నడకలో ఫ్రేముకి కలిపే 8 ని 6 చేస్తే ఇంకా పెద్ద యంత్రం, 12 చేస్తే చురుకైన స్కౌట్ రోబో, ఒకే కోడ్ తో నాలుగు రకాల రోబోలు వచ్చేస్తాయి. లూకాస్‌ఆర్ట్స్ చేసి కొనామి 1995 లో విడుదల చేసిన మెటల్ వారియర్స్ లో ఆరు రకాల రోబోలు ఉంటాయి, అందులో ప్రొమీథియస్ అనే భారీ రోబో అసలు ఎగరలేదు, జంప్ తీసేయడం కూడా బరువు చూపించే పద్ధతే మరి.

ఆ మెటల్ వారియర్స్ లో తెర మీద లైఫ్ బార్ ఉండదు, దెబ్బలు రోబో ఒంటి మీదే కనబడతాయి. ఐదో భాగంలో మన రోబోకి అదే చేద్దాం, దానికోసం తుపాకీ చేతిని మొండెం నుంచి వేరే స్ప్రైట్లుగా విడగొట్టి పెట్టుకోండి, భుజం జాయింట్ ఏ పిక్సెల్ దగ్గర ఉందో కూడా ప్రతి బొమ్మకీ రాసి ఉంచండి, ఊడిపోయేది అక్కడి నుంచే.